ఆర్గనా? ఎరేంజరా? ముందు మీ ఎడమచేతిని అడగండి!

సంధ్యలోనో, సుదర్శన్‌లోనో మ్యాట్నీ వదిలాక ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కాసేపు నిలబడి చూడండి. బైటికొచ్చే కుర్రకారు నోట్లో పాట, బైకు ట్యాంకు మీద వేళ్లతో తాళం! హీరో నడక కొందరికి నచ్చుతుంది, హీరోయిన్ చీర కొందరికి నచ్చుతుంది. ఇంకొందరు మాత్రం పల్లవికీ చరణానికీ మధ్య వచ్చిన ఆ చిన్న కీబోర్డ్ బిట్‌నే ఇంటిదాకా మోసుకుపోతారు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మెట్ల మీద, నారాయణగూడ టీ బడ్డీల దగ్గర, అశోక్‌నగర్‌లో కోచింగ్ కుర్రాళ్లు వుండే గదుల్లో నేను చాలాసార్లు విన్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, డబ్బులు కూడబెట్టాను. ఏం కొనమంటావ్? పాతదైనా సరే అసలు సిసలు ఆర్గన్ కొననా, లేక రిథమ్ కూడా అదే వాయించే ఎరేంజర్ కీబోర్డ్ కొననా?"

ప్రశ్న చిన్నదే. కానీ దాని వెనక ఒకళ్ల రెండేళ్ల జీతం మిగులు వుంటుంది, ఒక్కోసారి బతుకుతెరువే వుంటుంది. అందుకని జవాబు కాస్త నింపాదిగా చెప్పుకుందాం.

ఎవరు తల్లి? ఎవరు బిడ్డ?

అమెరికాలో లారెన్స్ హామండ్ 1935లో తన ఎలక్ట్రిక్ ఆర్గన్‌ని బజారులోకి తెచ్చాడు. చర్చిల్లోని పెద్ద పెద్ద గొట్టాల ఆర్గన్ కొనలేనివాళ్లకి అది వరమైంది. జపాన్ యమహావారు 1959లో ఎలక్టోన్ డి-1 తెచ్చారు. ఆ తర్వాత అమెరికాలో, జపాన్‌లో, యూరప్‌లో మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లోకి ఆర్గన్ నడిచొచ్చింది... మనకి టీవీ వచ్చినట్టు!

ఇంట్లో ఒక్కరే కూచుని వాయిస్తుంటే పక్కన డ్రమ్స్ వాయించేవాడు వుండడు కదా? 1959లోనే వుర్లిట్జర్ కంపెనీ సైడ్‌మన్ అనే తాళం పెట్టె తెచ్చింది. 1960లలో జపాన్‌లో ఏస్‌టోన్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకేహాషి రిథమ్ ఏస్ అనే పెట్టె చేశాడు. హామండ్ వారు దాన్ని తమ ఆర్గన్లలో పెట్టుకున్నారు. ఆ కకేహాషే 1972లో రోలండ్ కంపెనీ ప్రారంభించాడు. 1980లో కేసియోటోన్ 201 వచ్చింది. 1988లో రోలండ్ ఇ-20 వచ్చింది. ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటే చాలు... డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ ఆ కార్డ్ వెంట పరుగెత్తుకొస్తాయి. అదీ ఎరేంజర్!

అంటే ఎరేంజర్ ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఆర్గన్ కన్న బిడ్డే అది. బిడ్డ పెరిగింది, తల్లి మూలపడింది!

మన పాటల్లో వీటి ముద్ర

1954లో వచ్చిన హిందీ ‘నాగిన్’లో పాములవాడి బూర విని ఊళ్లకి ఊళ్లు ఊగిపోయాయి. నిజానికి అందులో పలికింది బూర కాదు... కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ వాద్యం, దానికి తోడుగా రవి హార్మోనియం! ఆ తర్వాత మద్రాసు రికార్డింగ్ థియేటర్లలోకి కాంబో ఆర్గన్ వచ్చింది. 1970ల నాటి మన పాటల్లో గుంయ్‌మని సాగే ఆ నాదం చెవినిబట్టి ఇట్టే పోల్చుకోవచ్చు.

మద్రాసులోనే ఆర్.కె.శేఖర్ అనే సంగీత దర్శకుడు 1976లో కన్నుమూస్తే, ఆయన వాద్యాలు అద్దెకిచ్చుకుంటూ ఆ కుటుంబం రోజులు గడిపింది. అప్పటికి తొమ్మిదేళ్లవాడైన ఆ ఇంటి పిల్లవాడు ఆ కీబోర్డుల మధ్యే పెరిగి మన రాజ్-కోటి దగ్గర కూడా పనిచేశాడు. 1992లో ‘రోజా’తో దేశాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఎ.ఆర్.రెహమాన్! ఒక వాద్యం ఒక ఇంటికి అన్నం కూడా పెట్టగలదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అసలు తేడా ఎక్కడుంది?

ఆర్గన్‌కి రెండు వరసల మెట్లు. పైవరస కుడిచేతికి, కింది వరస ఎడమచేతికి. కాళ్ల దగ్గర పెడల్స్. వాటిమీద ఎడమకాలు బేస్ వాయించాలి. కుడికాలు ఎక్స్‌ప్రెషన్ పెడల్ మీద వుండి శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ వుండాలి. ఇళ్లకోసం చేసిన చిన్న ఆర్గన్లలో సాధారణంగా వరసకి 44 మెట్లు, కింద 13 పెడల్స్. పేరుమోసిన హామండ్ బి-3కైతే వరసకి 61 మెట్లు, కింద 25 పెడల్స్. రెండు చేతులూ రెండు కాళ్లూ నాలుగు పనులు చేస్తేగాని పాట పలకదు. మొదటి ఆర్నెల్లూ ఏడుపొస్తుంది. ఆ తర్వాత మీరే ఒక ఆర్కెస్ట్రా!

ఎరేంజర్‌కి ఒకటే వరస, ఎక్కువగా 61 మెట్లు. ఎడమవైపు భాగం కార్డ్‌లకి, మిగతాది పాటకి. ఇంట్రో, ఫిల్-ఇన్, ఎండింగ్... ఒక్కోదానికీ ఒక్కో బటన్. మన దేశం కోసం చేసిన యమహా పీఎస్ఆర్-ఐ500, కేసియో సీటీ-ఎక్స్ 870ఐఎన్ లాంటి మోడల్స్‌లో తబలా, సితార్ ధ్వనులు, మన తాళాలు కూడా వున్నాయి. కొన్న సాయంత్రమే ఇంట్లో కచేరీ పెట్టొచ్చు!

మరి లోటేమిటి? లోటల్లా ఆ సుఖంలోనే వుంది. ఎడమచేయి కార్డ్ పట్టుకుని వూరుకుంటుంది. లయ మిషన్ చూసుకుంటుంది. పైగా ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటి! గాయకుడు ఒకటి శ్రుతి అన్నా, గాయని అయిదున్నర అన్నా బటన్ నొక్కి అదే సి మేజర్‌లో వాయించెయ్యొచ్చు. వేళ్లకి మిగతా శ్రుతులు ఎప్పటికీ అలవాటు కావు.

నల్లకుంట కుర్రాడి సంగతి

మా నల్లకుంటలో ఓ కుర్రాడు మందులషాపులో పనిచేస్తూ ముప్ఫై వేలు కూడబెట్టాడు. అదే సమయంలో ఇల్లు ఖాళీచేస్తున్న ఒకరి దగ్గర రెండు వరసల పాత ఆర్గన్ అమ్మకానికొచ్చింది. చూడగానే మనసుపడ్డాడు. కానీ వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పాడైతే బాగుచేసే మనిషి ఎవరో తెలియదు. చివరికి ఎరేంజరే కొన్నాడు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. మూడు నెలల్లో నలభై పాటలు వాయించేశాడు. బారసాలలకీ పుట్టినరోజులకీ పిలుపులు వచ్చాయి.

ఆ ధైర్యంతో ఓ ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి వెళ్లాడు. అక్కడ డ్రమ్స్ వుంది, బేస్ గిటార్ వుంది. "బాబూ, ఆ రిథమ్ ఆపేసి వాయించు" అన్నారు. ఆపాడు. దాంతోపాటే అతని ఎడమచెయ్యీ ఆగిపోయింది! రెండో చరణానికి తాళం తప్పాడు. వాళ్లు కోప్పడలేదు. "నేర్చుకుని రా నాయనా" అన్నారంతే. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

కీబోర్డ్ అమ్మేస్తాడేమో అనుకున్నాను. అమ్మలేదు. రోజూ రాత్రి స్టైల్ బటన్ జోలికి పోకుండా, ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో పాట సాధన చేశాడు. పక్కన మెట్రోనోమ్ ఒక్కటే. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు అదే ఆర్కెస్ట్రాలో నెలకి రెండు మూడు ప్రోగ్రాములు వాయిస్తున్నాడు. అంటే, ఎరేంజర్ కొని దాన్ని ఆర్గన్‌లా నేర్చుకున్నాడన్నమాట!

పాత ఆర్గన్ మీద మోజుంటే...

వద్దనను. కానీ కొనేముందు వెనక అతికించిన రేకు మీద ఓల్టేజీ చదవండి. జపాన్‌లో ఇళ్లకిచ్చే కరెంటు 100 ఓల్టులు, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పాత హామండ్‌కైతే ఇంకో తిరకాసుంది. దాని లోపల 91 పళ్లచక్రాలు మోటారుతో తిరుగుతూ స్వరాలు పుట్టిస్తాయి. ఆ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి వుంటుంది. అమెరికాలో 60 హెర్ట్‌జ్, మన దగ్గర 50. అమెరికా హామండ్‌ని తిన్నగా మన ఇంట్లో పెడితే ‘సి’ నొక్కినప్పుడు ‘ఏ’ పలుకుతుంది! ఓల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్‌తో ఆ జబ్బు కుదరదు. పైగా బి-3 బెంచీ, పెడల్స్‌తో కలిపి సుమారు 190 కిలోలు. మన సందుల్లో, మన మెట్ల మీద... ఆలోచించుకోండి!

గమకం మాటేమిటి?

ఆకాశవాణి 1940లో హార్మోనియంని వెళ్లగొట్టి 1971దాకా గడప తొక్కనివ్వలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారే సొగసు మెట్ల వాద్యంలో పలకదన్నది ఒక ముఖ్య కారణం. పాత హోమ్ ఆర్గన్‌కీ చాలావరకు అదే లోపం. మంచి ఎరేంజర్‌కి మాత్రం పక్కన పిచ్‌బెండ్ చక్రం వుంటుంది. వేణువు ధ్వని పెట్టుకుని, ఎడమచేత్తో ఆ చక్రం మెల్లగా తిప్పుతూ మోహన వాయించి చూడండి. స్వరం జారుతుంది! అయితే ఆ చెయ్యి కార్డ్‌కి అతుక్కుపోయి వుంటే చక్రం ఎవరు తిప్పుతారు? మళ్లీ ఎడమచేతి దగ్గరికే వచ్చాం చూశారా!

షాపులో చూడాల్సినవి

మెట్లు పూర్తి సైజువేనా, 61 వున్నాయా చూడండి. గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే టచ్ రెస్పాన్స్ వుండాలి. పిచ్‌బెండ్ చక్రం, కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ, సస్టెయిన్ పెడల్ పెట్టుకునే రంధ్రం... ఇవి లేకపోతే ధర తగ్గినా వద్దు. షాపువాడు డెమో పాట నొక్కి మైమరపిస్తాడు. ఆపమనండి! రిథమ్ లేకుండా పియానో, ఆర్గన్, వేణువు ఒక్కొక్కటే విని అప్పుడు పర్సు తీయండి. మిగిలిన డబ్బుతో గురువు దగ్గర చేరండి. మన పక్కనే రామకోటిలో 1952 నుంచి ప్రభుత్వ సంగీత కళాశాల వుంది. కనీసం స్వరజ్ఞానం, తాళజ్ఞానం సంపాదించండి.

ఇంతకీ నా మాట

ఒకప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రా అంటే స్టేజి నిండా మనుషులు. ఎరేంజర్ వచ్చాక డ్రమ్స్ వాయించేవాడికీ, బేస్ గిటారిస్టుకీ పిలుపులు తగ్గాయి. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ట్రాక్ పెట్టుకుని పాడే కార్యక్రమాలు వచ్చి ఆ ఎరేంజర్ వాయించేవాడికే ఎసరు పెడుతున్నాయి. కారణం తెలిసిందే. బటన్ నొక్కే పని ఫోన్ కూడా చేస్తుంది, దానికి భోజనం కూడా పెట్టక్కర్లేదు!

కానీ గాయని ఒక చరణం ఎగరగొట్టినా, శ్రుతి మార్చినా, భావం వచ్చి ఒక మాట దగ్గర ఆగినా ట్రాక్ ఆగదు. ఆమెతోపాటు ఆగి, ఆమెతోపాటు కదిలేది మనిషి చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి వున్నవాడికి ఈ ఊళ్లో ఇంకా పని వుంది.

అందుకని, ఎరేంజరే కొనండి. మోయొచ్చు, బాగుచేయించొచ్చు, నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు. మొదటి ఆర్నెల్లు మాత్రం స్టైల్ బటన్ మీద ఓ ప్లాస్టర్ ముక్క అతికించి పెట్టండి!