డాలస్ ఎన్ని గంటల దూరం?

చల్లపల్లిలో ఒక తల్లి. ఆమె కూతురు అమెరికాలో డాలస్ నగరంలో ఉంటోంది. కూతురికి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి తల్లి వెళ్తోంది. జనవరి నెలలో ప్రయాణం. టిక్కెట్టు వచ్చింది. కూడబలుక్కుని తనే చదువుకుంది.

హైదరాబాదులో విమానం రాత్రి 9-30కి బయలుదేరుతుంది. దుబాయిలో 12 గంటలకు దిగుతుంది. అక్కడ 2-30కి ఇంకో విమానం ఎక్కాలి. అది డాలస్‌లో పొద్దున 8-30కి దిగుతుంది.

ఆమె వేళ్ల మీద లెక్క పెట్టింది. "పదకొండు గంటలేగా! రాత్రి ఎక్కితే తెల్లారేసరికి పిల్ల దగ్గరుంటాను" అనుకుంది. షుగరు మాత్రలు పెద్ద పెట్టెలో సర్దేసింది.

ఆ మాటే కూతురికి ఫోనులో చెప్పింది. "కాదమ్మా! ఇరవై రెండున్నర గంటలు పడుతుంది" అంది కూతురు.

మరి టిక్కెట్టు తప్పా? తప్పు కాదు. ఏ ఊరి పేరు పక్కన ఆ ఊరి టైమే వేస్తారు. భూమి బొంగరంలా తిరుగుతోంది కదా. అందుకని అన్ని ఊళ్లలో ఒకేసారి తెల్లవారదు. మన కంటే దుబాయి గంటన్నర వెనక. డాలస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మనకు సాయంత్రం 6 అయితే అక్కడ అదే రోజు పొద్దున 6-30. మార్చి నుంచి నవంబరు దాకా వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుకుంటారు. అప్పుడు తేడా పదిన్నర గంటలే.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. దుబాయికి నాలుగు గంటలు. అక్కడ ఆగేది రెండున్నర. అక్కడినుంచి డాలస్‌కు పదహారు.

చల్లపల్లి నుంచి బెజవాడ సుమారు 60 కిలోమీటర్లు. బస్సులో దాదాపు రెండు గంటలు కూర్చుంటేనే నడుం పట్టేస్తుంది. దుబాయి నుంచి డాలస్ సుమారు 12,900 కిలోమీటర్లు! విమానం గంటకు 900 కిలోమీటర్ల దాకా పోతుంది. అయినా అంతసేపు పడుతుంది. ఎందుకంటే పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి. ఏటికి ఎదురు పడవ నడిపినట్టే. వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. గంటో గంటన్నరో కలిసొస్తుంది.

షుగరు, బి.పి. ఉన్నవాళ్లకు ఈ లెక్క చాలా అవసరం. మాత్ర వేసుకునే వేళ తప్పితే ప్రమాదం. పెద్ద పెట్టె విమానం అడుగున పడేస్తారు. దారిలో చేతికి అందదు. మాత్రలు, డాక్టరు రాసిన చీటీ చేతిసంచిలోనే ఉండాలి. ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకోవాలో బయలుదేరక ముందే డాక్టరును అడగాలి. "ఇరవై రెండున్నర గంటల ప్రయాణం" అని చెప్పి అడగాలి. కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. మధ్య మధ్య లేచి నడవాలి. మంచినీళ్లు తాగుతుండాలి.

ఆ తల్లి పెట్టె మళ్లీ విప్పింది. మాత్రలు తీసి చేతిసంచిలో వేసుకుంది. చేతి గడియారం మాత్రం దారిలో మార్చనంది. డాలస్‌లో పొద్దున 8-30కి దిగినప్పుడు అందులో రాత్రి 8 అవుతుంది.