పాత నాణెం – దాని స్థితి, దాని గ్రేడు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నాణెంపై ఉన్న గుర్తులను చదవగలుగుతారు;
• నాణెం వయసుకు, దాని అరుదుతనానికి ఉన్న తేడాను వివరించగలుగుతారు;
• వెండి రూపాయి అసలైనదో కాదో ఇంట్లోనే ప్రాథమికంగా పరీక్షించగలుగుతారు;
• గ్రేడు అంటే ఏమిటో, నాణేన్ని గ్రేడింగ్‌కు ఎప్పుడు పంపాలో, ఎప్పుడు పంపకూడదో నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలోనో, దేవుడి గూట్లోనో ఒకటి రెండు పాత నాణేలు ఉండవచ్చు. వాటిని చూసి ఒకరు "దీనికి లక్షలు వస్తాయి" అంటారు. మరొకరు "వెండి ధరకు మించి పైసా రాదు" అంటారు. ఎవరి మాట నమ్మాలి? ఇతరుల మాట మీద ఆధారపడకుండా మీరే ఒక అంచనాకు రావడానికి ఈ పాఠం తోడ్పడుతుంది. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. మంచి వెలుతురు, ఒక భూతద్దం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

2. నాణేన్ని చదవడం

ప్రతి నాణేనికి మూడు భాగాలుంటాయి: బొమ్మ, బొరుసు, అంచు. మొదట మూడింటినీ విడివిడిగా పరిశీలించండి. ఎవరి పేరు మీద ముద్రించారు, విలువ ఎంత, సంవత్సరం ఏది అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి.

ఈస్టిండియా కంపెనీ 1835లో తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రకం రూపాయిని ప్రవేశపెట్టింది. దాని బరువు 11.66 గ్రాములు, అంటే ఒక తులం. అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. ఆ రోజుల్లో రూపాయికి 16 అణాలు, లేదా 64 పైసలు, లేదా 192 పైలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి రూపాయి 100 నయాపైసలయింది. 1964 జూన్ 1 నుంచి "నయా" అన్న మాట తొలగించారు. కాబట్టి "నయాపైసా" అని ఉన్న నాణెం ఏ కాలానిదో మీరు వెంటనే చెప్పగలరు.

హైదరాబాదు సంస్థానానికి సొంత నాణేలుండేవి. వాటిని హాలీ సిక్కా అనేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఈ నాణేలపై చార్మినార్ బొమ్మ వచ్చింది. వీటిపై ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని క్రీస్తుశకంగా పొరబడకూడదు.

సంవత్సరం తరువాత చూడవలసింది టంకశాల గుర్తు. నేటి నాణేలపై ఇది సంవత్సరం కింద చిన్నగా కనిపిస్తుంది. ముంబయికి వజ్రాకారం, హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు గుండ్రని చుక్క. కోల్‌కతా నాణేలకు ఏ గుర్తూ ఉండదు. ఒకే ఏడాది, ఒకే విలువ గల నాణేల్లో కూడా ఒక టంకశాలవి కోకొల్లలుగా దొరకవచ్చు, మరొక టంకశాలవి అరుదు కావచ్చు.

3. వయసు వేరు, అరుదు వేరు

"నూరేళ్ల నాణెం కాబట్టి విలువైనది" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మూడు రూపాయి నాణేలను పోల్చి చూద్దాం.

మొదటిది 1918 నాటి ఐదవ జార్జి రూపాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండి రూపాయలకు గిరాకీ విపరీతంగా పెరిగింది. అమెరికా 1918లో పిట్మన్ చట్టం చేసి, తన వెండి డాలర్లను కరిగించి, భారతదేశ అవసరాల కోసం బ్రిటన్‌కు వెండి అమ్మింది. టంకశాలలు భారీగా రూపాయలు ముద్రించాయి. అందువల్ల నూరేళ్లు దాటినా 1918 రూపాయి ఇప్పటికీ సులభంగా దొరుకుతుంది.

రెండవది 1911 రూపాయి. దానిమీద రాజు దుస్తులపై చెక్కిన చిన్న ఏనుగు పందిలా కనిపిస్తున్నదని జనంలో అభ్యంతరం వచ్చింది. దాన్ని "పంది రూపాయి" అన్నారు. ఆ నాణేలను ఆపివేసి, బొమ్మను సరిదిద్ది 1912లో మళ్లీ ముద్రించారు. అందుకే 1911 నాణేనికి సేకర్తల్లో గిరాకీ ఎక్కువ.

మూడవది ఆరవ జార్జి బొమ్మతో ఉన్న 1939 రూపాయి. పై రెండింటికంటే చిన్నదే అయినా ఇది వాటికంటే అరుదు. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. పాత ప్రమాణంలో తయారైన చివరి రూపాయి 1939దే. అరుదైనది కాబట్టే దీనికి నకిలీలు కూడా ఎక్కువ.

దీన్నిబట్టి ధరను మూడు విషయాలు నిర్ణయిస్తాయని గ్రహించండి: ఎన్ని మిగిలాయి, ఎందరు కోరుతున్నారు, నాణెం ఏ స్థితిలో ఉంది. వయసు ఒక్కటే ధరను నిర్ణయించదు.

4. అసలు నాణెమేనా?

స్థితి గురించి ఆలోచించేముందు నాణెం అసలైనదని తేల్చుకోవాలి. 1939 వరకు వచ్చిన బ్రిటిష్ ఇండియా వెండి రూపాయిని ఇలా పరీక్షించవచ్చు.

(అ) బరువు: గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం యంత్రం మీద ఉంచండి. 11.66 గ్రాములు, అరిగినదయితే అంతకు కొద్దిగా తక్కువ ఉండాలి. ఎక్కువ తూగితే అనుమానించాలి.

(ఆ) అయస్కాంతం: వెండి అయస్కాంతానికి అంటుకోదు. అయితే 1947 రూపాయి నికెల్‌తో చేసినది. అది అంటుకుంటుంది. అంతమాత్రాన అది నకిలీ కాదు.

(ఇ) నీటి పరీక్ష: గ్లాసులో నీళ్లు పోసి తూకం యంత్రం మీద పెట్టి, అంకెను సున్న చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు, పక్కలకు తగలకుండా నీటిలో పూర్తిగా ముంచండి. ఇప్పుడు కనిపించే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం బరువును ఈ అంకెతో భాగించండి.

ఉదాహరణ: నాణెం బరువు 11.66, నీటిలో ముంచినప్పటి అంకె 1.13. 11.66 ÷ 1.13 = 10.3. ఇది 91.7 శాతం వెండికి ఉండవలసిన సాంద్రత. అదే బరువున్న రాగి, నికెల్ మిశ్రమమయితే అంకె 1.31 దాకా వస్తుంది. భాగఫలం 8.9 అవుతుంది. అది వెండి కాదని తెలిసిపోతుంది.

ఈ పరీక్ష లోహాన్ని మాత్రమే చెబుతుంది. అసలైన వెండితో చేసిన నకిలీని, లేదా అంకె చెక్కి సంవత్సరం మార్చిన నాణేన్ని ఇది పట్టుకోలేదు. దానికి అనుభవజ్ఞుల కన్ను కావాలి.

5. గ్రేడు అంటే ఏమిటి?

నాణెం ఎంత అరిగింది, ఎంత మెరుపు మిగిలింది, గీతలు, దెబ్బలు ఎన్ని ఉన్నాయి, ముద్ర ఎంత స్పష్టంగా పడింది అనే వాటిని కలిపి చెప్పే కొలతే గ్రేడు. అమెరికాకు చెందిన విలియం షెల్డన్ 1949లో తన దేశపు పాత సెంటు నాణేల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలమానం ప్రతిపాదించాడు. ఇప్పుడు ప్రపంచమంతటా గ్రేడింగ్ సంస్థలు ఎక్కువగా దీన్నే వాడుతున్నాయి. ముఖ్యమైన మెట్లు ఇవి:

• జి (గుడ్) 4–6: బాగా అరిగింది, కాని ఏ నాణెమో తెలుస్తుంది.
• ఎఫ్ (ఫైన్) 12–15: అరుగుదల నాణెమంతటా సమానంగా ఉంది, ముఖ్యమైన గీతలు కనిపిస్తాయి.
• వి.ఎఫ్. (వెరీ ఫైన్) 20–35: ఎత్తయిన భాగాలు మాత్రమే ఒక మోస్తరుగా అరిగాయి.
• ఎక్స్.ఎఫ్. (ఎక్స్‌ట్రా ఫైన్) 40–45: అరుగుదల స్వల్పం.
• ఎ.యు. 50–58: చలామణీ ఆనవాళ్లు ఎత్తయిన చోట్ల లేశమాత్రం.
• ఎం.ఎస్. 60–70: చలామణీలోకి వెళ్లనిది. 70 అంటే పెద్దది చేసి చూసినా లోపం కనిపించనిది.

ఐదవ జార్జి రూపాయిని చూసేటప్పుడు రాజు చెవి, మీసం, కిరీటంపై రత్నాలు, దుస్తులపై ఏనుగు గమనించండి. ఇవి ఎత్తయిన భాగాలు కాబట్టి ముందుగా అరుగుతాయి. ఏనుగు కేవలం ఒక మచ్చలా మిగిలితే మీ నాణెం కింది మెట్లలో ఉన్నట్లు.

6. దయచేసి తోమకండి

మన ఇళ్లలో వెండి సామాను చింతపండుతోనో, ముగ్గుపిండితోనో తోమడం అలవాటు. పాత నాణేన్ని అలా తోమితే దాని విలువ పోతుంది. తోమినప్పుడు ఉపరితలంపై వెంట్రుకవాసి గీతలు పడతాయి, టంకశాలలో వచ్చిన సహజమైన మెరుపు పోతుంది. అది మళ్లీ రాదు. కాలక్రమంలో ఏర్పడిన నలుపును, రంగును చాలామంది సేకర్తలు ఇష్టపడతారు కూడా.

హారంలో గుచ్చుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయలు మన వైపు చాలా కనిపిస్తాయి. కొక్కెం తీయించినా అతుకు గుర్తు మిగులుతుంది. తోమిన, రంధ్రం చేసిన, అతుకు వేసిన నాణేలకు గ్రేడింగ్ సంస్థలు మామూలు అంకె ఇవ్వవు. నాణెం అసలైనదని చెప్పి, లోపాన్ని చీటీ మీద రాస్తాయి.

నాణేన్ని ఎప్పుడూ అంచులతో పట్టుకోండి. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్ సంచుల్లో దాచవద్దు. అందులోని రసాయనం వల్ల నాణెంపై పచ్చని జిగురు చేరుతుంది.

7. గ్రేడింగ్‌కు పంపడం

నాణేలు అమ్మనివారు, కొననివారు అయిన నిపుణులు డబ్బు తీసుకొని అభిప్రాయం చెప్పడమే వృత్తిపరమైన గ్రేడింగ్. ఈ రంగంలో పేరున్న అమెరికన్ సంస్థలు పి.సి.జి.ఎస్. 1986లోను, ఎన్.జి.సి. 1987లోను మొదలయ్యాయి. పని ఇలా జరుగుతుంది: సభ్యుడు గాని, గుర్తింపు ఉన్న వర్తకుడు గాని దరఖాస్తు నింపి, నాణెం విలువ ప్రకటించి, రుసుముతో పంపుతాడు. ఒకరికి మించిన నిపుణులు నాణేన్ని పరిశీలిస్తారు. ఆ తరువాత దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ముద్రవేసి, గ్రేడు, సంఖ్య ఉన్న చీటీ పెడతారు. ఈ పెట్టెను స్లాబ్ అంటారు. ఆ సంఖ్యను సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. నకిలీ స్లాబులు కూడా ఉన్నాయి కాబట్టి, స్లాబులో ఉన్న నాణెం కొనేముందు తప్పక సరిచూడండి.

పంపే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటి ప్రశ్న: నాణేనికి నూరేళ్లు నిండాయా? 1972 పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు తప్ప వేరెవరికీ లేదు. గ్రేడింగ్ కోసమే అయినా సరే, 1918 రూపాయిని విదేశానికి టపాలో వేయడం నేరం. అటువంటి నాణేన్ని దేశం లోపలే చూపించాలి.

రెండవ ప్రశ్న: ఖర్చు గిట్టుతుందా? ఒక నాణేనికి 900 రూపాయలు రావచ్చనీ, రుసుము, టపా, బీమా, వర్తకుడి కమీషను కలిపి 3,000 అవుతుందనీ అనుకుందాం. అప్పుడు గ్రేడింగ్ మీకు నష్టమే. నకిలీ భయం ఉన్నప్పుడు, లేదా ఒక్క మెట్టు తేడాతో ధర ఎంతో మారే అరుదైన నాణేనికి అది ఉపయోగపడుతుంది.

మూడవ ప్రశ్న: ఈ నాణెం మీకెలా వచ్చింది? పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికిందా? 1878 నిక్షేప నిధి చట్టం ప్రకారం, నేలలో దాగి, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు దొరికితే జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

8. ప్రకటనలతో జాగ్రత్త

"మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెం ఉందా? లక్షలు మీవే!" వంటి ప్రకటనలు మీరు చూసే ఉంటారు. ఫోను చేస్తే నమోదు రుసుమనీ, పన్ను అనీ ముందుగా డబ్బు అడుగుతారు. కొందరు రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు, అమ్మకాలతో తనకు సంబంధం లేదని, అందుకోసం ఎటువంటి రుసుము, కమీషను అడగనని స్పష్టం చేసింది. ఒక్క మాట గుర్తుంచుకోండి: నాణెం కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి. మీ దగ్గరే డబ్బు అడిగేవాడు కొనుగోలుదారు కాదు.

మీరేం నేర్చుకున్నారు?

నాణేన్ని ముందు చదవాలి, తరువాత అసలుదో కాదో పరీక్షించాలి, ఆ తరువాతే గ్రేడు అంచనా వేయాలి. తోమకుండా భద్రపరచాలి. చట్టం, ఖర్చు రెండూ చూసుకున్నాకే ఎక్కడికైనా పంపాలి. అమ్మినా అమ్మకపోయినా, నాణేన్ని చదవడం వచ్చినవారిని మోసం చేయడం కష్టం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటే అది ఏ టంకశాల నాణెం?
2. ఒక రూపాయి బరువు 11.60 గ్రాములు, నీటి పరీక్షలో అంకె 1.30 వచ్చింది. మీరేమంటారు?
3. 1912 రూపాయిని అమెరికాకు గ్రేడింగ్‌కు పంపవచ్చునా? ఎందుకు?

జవాబులు

1. హైదరాబాదు. 2. 11.60 ÷ 1.30 = 8.9. అది 91.7 శాతం వెండి కాదు. 3. పంపకూడదు. నూరేళ్లు దాటినందున అది పురావస్తువు.