ఆన్‌లైన్ ప్రభుత్వ సేవల కొనసాగింపు వినియోగం: నూజివీడు మామిడి రైతు నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: ఈ-పాలన, మీభూమి, ఈ-పంట, కౌలు, మామిడి, పాలనాభాష

ప్రస్తావన

ప్రభుత్వ సేవను ఒకసారి ఆన్‌లైన్‌లో పొందడం వేరు, మరుసటి ఏడు కూడా అక్కడికే వెళ్లడం వేరు. మొదటిదానికి అవసరం చాలు. రెండవదానికి అనుభవం తోడు రావాలి. ఈ భేదాన్ని అనోల్ భట్టాచార్జీ 2001లో ‘ఎంఐఎస్ క్వార్టర్లీ’లో ఒక నమూనాగా ప్రతిపాదించారు. ముందు పెట్టుకున్న అపేక్ష అనుభవంలో నిజమైతే తృప్తి కలుగుతుంది. ఆ తృప్తి, సేవ ఉపయోగకరమన్న భావన కలిసి కొనసాగింపు సంకల్పాన్ని నిర్ణయిస్తాయి. ఆయన పరిశీలించింది ఆన్‌లైన్ బ్యాంకు ఖాతాదారులను. నచ్చకపోతే వారికి మరో బ్యాంకు ఉంటుంది. రైతుకు మరో రెవెన్యూ శాఖ లేదు. కనుక పౌరుని విషయంలో ‘మానివేయడం’ అంటే సేవను వదలడం కాదు, తెరను వదిలి మళ్లీ మనిషి దగ్గరకు వెళ్లడం.

మన రాష్ట్ర చరిత్ర కూడా తెరకూ మనిషికీ మధ్య ఊగుతూనే వచ్చింది. 2001 నాటి ఈ-సేవ, 2011 నాటి మీసేవ కేంద్రాలలో మీట నొక్కేది ఉద్యోగి లేదా నిర్వాహకుడు. 2015లో వచ్చిన మీభూమి రైతునే తెర ముందు కూర్చోబెట్టింది. 2019లో గ్రామ సచివాలయాలు మళ్లీ మనిషిని తెచ్చాయి. 2025 జనవరిలో ‘మనమిత్ర’ వాట్సాప్ ద్వారా ఫోనును చేతికిచ్చింది.

తోట ఒకరిది, నమోదు మరొకరిది

నూజివీడు ప్రాంతంలో మామిడి ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆదాయం. అడంగల్ నకలు, ఈ-పంట నమోదు వంటి పనులూ ఏడాదికి ఒకటి రెండు సార్లే పడతాయి. బ్యాంకు యాప్ వలె ఇవి అలవాటు కావు. మళ్లీ అవసరపడేనాటికి రహస్యపదం గుర్తుండదు. ఓటీపీ వెళ్లే నంబరు కొడుకుతోపాటు హైదరాబాదులో ఉంటుంది.

అంతకంటె లోతైన చిక్కు కౌలుది. తోటను పూత మీదనో కాయ మీదనో నోటిమాటతో కౌలుకిచ్చే వాడుక ఉంది. ఏప్రిల్, మే గాలివానలకు కాయ రాలితే నష్టపోయేది కౌలుదారు. పెట్టుబడి రాయితీకి, బీమాకు ఆధారం మాత్రం ఈ-పంట నమోదు. అందులో తన పేరు ఎక్కడానికి మార్గం 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు. దానికి భూయజమాని అంగీకారం కావాలి, గడువు పదకొండు నెలలు. హక్కు చేజారుతుందన్న భయంతో సంతకానికి వెనుకాడే యజమానులు తక్కువేమీ కాదు.

ఇటువంటి కౌలుదారు మీభూమి తెరిస్తే వ్యవస్థ ఏ దోషమూ లేకుండా పనిచేస్తుంది, నకలు క్షణాలలో వస్తుంది. ‘అనుభవదారు’ గడిలో మాత్రం యజమాని పేరే ఉంటుంది. సాంకేతికంగా విజయం, అపేక్ష దృష్ట్యా భంగం. సేవా నాణ్యతను వేగంతో, లావాదేవీల సంఖ్యతో కొలిచే నివేదికలకు ఈ భంగం కనిపించదు. నా దృష్టిలో కొనసాగింపు సంకల్పాన్ని దెబ్బతీసేది తెర వెనుక ఉన్న ఈ నమోదే, తెర రూపకల్పన ఆ తరువాతి మాట.

తెరపై తెలుగు

భాష సంగతి విడిగా చెప్పాలి. అడంగల్ తమిళం నుంచి, దస్తావేజు పారసీకం నుంచి వచ్చినవే. తరాల వాడుకలో రైతు సొంతమయ్యాయి. కష్టపెట్టేది అన్యదేశ్యం కాదు, ‘ప్రామాణీకరణ విఫలమైంది’ వంటి అచ్చుగుద్దిన తత్సమ వాక్యం. అందులో తప్పు ఎవరిదో తెలియదు. అరిగిన వేలిముద్రదా, మారిన ఫోను నంబరుదా, ఆధార్‌లో తేడాగా పడిన ఇంటిపేరుదా? తరువాత ఏం చేయాలో కూడా వాక్యం చెప్పదు. అదే సందర్భంలో సచివాలయంలోని కుర్రవాడు, “వేలు తుడుచుకొని మళ్లీ పెట్టండి బాబాయ్ గారూ, పడకపోతే రెండో చేతిది చూద్దాం” అంటాడు. చేతిలో ఫోను ఉండి కూడా రైతు రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లేది ఆ వాక్యం కోసమే.