పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం

అంతరిక్ష యుద్ధాల వీడియో గేముల్లో కొత్త ఆయుధం పెట్టాలంటే ముందు దాన్ని ఎవరో ఒకరు పరీక్షించి చూడాలి. ఆ పని మన ఇళ్లల్లో పిల్లలు కూడా చేస్తుంటారు. హెర్న్‌డన్ నుంచి ఓ తండ్రి అనుభవమిది.

అది 2009 నవంబరు. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో మా అపార్ట్‌మెంట్. మాంద్యం దెబ్బకు ప్రాజెక్టు ఆగిపోయి ఆరు వారాలుగా బెంచి మీదున్నాను. హెచ్1బీ మీద వచ్చినవాళ్లకు ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండింటికి హాల్లో కూర్చుని రెజ్యూమె దిద్దుకుంటున్నా. గదిలో మావాడు 'ఈవ్ ఆన్‌లైన్' ముందు కూర్చున్నాడు. ఒళ్లు మండిపోయింది.

"ఇంట్లో పరిస్థితేంటి? నువ్వు చేస్తున్నదేంటి?"

"ఆడట్లేదు నాన్నా. కొత్త గన్స్ టెస్ట్ చేస్తున్నా."

వైరు పీకేద్దామని వెళ్లినవాణ్ని, పక్కనున్న నోట్‌బుక్కు చూసి ఆగిపోయాను. దూరం, వేగం, తగిలినవి, తప్పినవి అంటూ వరసలు గీసి ఉన్నాయి. పదేళ్లుగా టెస్టింగ్ చేసి బతుకుతున్నవాణ్ని. అదేమిటో నాకు తెలీదా?

తగలని ఫిరంగి

ఈవ్ ఆన్‌లైన్ 2003లో మొదలైంది. చేసింది ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ. అసలు ఆట నడిచే సర్వర్ పేరు ట్రాంక్విలిటీ. మార్పులేవైనా ముందు 'సింగ్యులారిటీ' అనే ప్రయోగ సర్వర్‌లో పెట్టి, ఆడేవాళ్లనే పిలిచి చూపించేవారు. అక్కడ ఓడ పేలిపోయినా అసలు ఆటలో నష్టం ఉండదు. ఆ నెలలో అక్కడ పరీక్షకు పెట్టిన వాటిలో ఫిరంగుల మార్పులూ ఉన్నాయి.

మావాడు చిన్న ఓడలో తిరుగుతుంటే, స్నేహితుడు పెద్ద ఓడలోంచి కాలుస్తున్నాడు. పెద్ద ఫిరంగి మెల్లగా తిరుగుతుంది. సెకనుకు 300 మీటర్ల వేగంతో పోయే ఓడ 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఫిరంగి దాన్ని సులువుగానే వెంబడిస్తుంది. అదే ఓడ 3 కిలోమీటర్ల దగ్గరికొచ్చి చుట్టూ తిరిగితే, ఫిరంగి పదింతలు వేగంగా తిరగాలి. తిరగలేదు, గుండు తప్పిపోతుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటామే! ఇక్కడ బ్రహ్మాస్త్రం పిచ్చుకకు తగలనే తగలదు. అది లోపం కాదు. చిన్న ఓడకూ బతికే దారి ఉండాలని కావాలనే అలా పెట్టారు.

మావాడు దూరం మారిస్తే వేగం మార్చట్లేదు, వేగం మారిస్తే దూరం మార్చట్లేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలని వాడికి నేనెప్పుడూ చెప్పలేదు.

1962 నుంచీ ఇదే గొడవ

తర్వాత నేనూ చదివాను. 1962లో ఎంఐటీలో స్టీవ్ రసెల్, ఆయన స్నేహితులు పీడీపీ-1 కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' రాశారు. రెండు ఓడలు, మధ్యలో ఒక నక్షత్రం, కాల్చుకోడానికి టార్పెడోలు. నిజానికి దగ్గరగా ఉంటుందని టార్పెడోలు కాస్త అటూ ఇటూ పోయేలా చేసి చూశారు. ఆడినవాళ్లకు నచ్చలేదు. గురి పెట్టిన చోటికే పోవాలన్నారు. ఆ మార్పు తీసేశారు.

అంత దూరం ఎందుకు, మా ఊరి పక్కనున్న షాంటిలీలోనే లెజెండ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే గేముల కంపెనీ ఉండేది. 1996లో వచ్చిన 'స్టార్ కంట్రోల్ 3' వాళ్లదే. ఒక్కో జాతి ఓడకు ఒక్కో రకం ఆయుధం. ఏ ఒక్కటి మితిమీరినా మిగతా ఓడల్ని ఎవరూ ముట్టుకోరు. 2004లో ఆ కంపెనీ మూతపడింది.

ఈవ్‌లో జరిగిందీ అదే. అందులో అతి పెద్ద ఓడలు టైటాన్లు. వాటి 'డూమ్స్‌డే' ఆయుధం ఒక్కసారి పేలితే చుట్టుపక్కల ఓడలన్నిటికీ దెబ్బ తగిలేది. వందమంది కూడగట్టుకుని వచ్చినా చిన్న ఓడలన్నీ ఒక్క వేటుకే బూడిద. రాసిన కోడ్ ప్రకారం అందులో తప్పేమీ లేదు. చెప్పినట్టే పనిచేస్తోంది. కానీ ఆట చచ్చిపోతోంది. చివరికి 2009 డిసెంబరులో వచ్చిన 'డొమినియన్'లో దాన్ని ఒక్క ఓడనే కొట్టేలా మార్చారు.

ఇంటర్వ్యూలో అడిగారు

అదే నెలలో నాకో ఇంటర్వ్యూ వచ్చింది. "ప్రోగ్రామ్ రాసిచ్చినట్టే పనిచేస్తోంది, అయినా తప్పు. అలాంటిదెప్పుడైనా చూశారా?" అనడిగారు. బ్యాంకింగ్ ప్రాజెక్టు గురించి చెప్పబోయి, డూమ్స్‌డే గురించి చెప్పాను. ఎదుటివాళ్లు పెన్నులు కింద పెట్టి విన్నారు.

ఆ ఉద్యోగం రాలేదు. సంక్రాంతి వెళ్లాక మరోచోట వచ్చింది. మధ్యలో గడిచిన ఆ వారాల్లో మాత్రం రాత్రిపూట నేనూ మావాడూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. బగ్ రిపోర్ట్ ఎలా రాయాలో నేర్పాను. ఏం చేశావు, ఏం జరగాలి, ఏం జరిగింది, మూడే ముక్కలు. వాడు నాకు ఓడ నడపడం నేర్పాడు. రోజూ పేలిపోయేవాణ్ని.

పిల్లలు రాత్రంతా ఆడుతూ కూర్చుంటే ఊరుకోమని చెప్పడం లేదు. నిద్ర, చదువు చూసుకోవాల్సిందే. కాకపోతే వైరు పీకే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని, "ఏం చేస్తున్నావు నాన్నా?" అని అడగండి. నేను ఆరోజు అరిచాక అడిగాను. ముందే అడిగి ఉండాల్సింది.