తీగకు పూచిన పూలు

మన పెండ్లికూతురు కొబ్బరిబొండాం చేతబట్టి పీటల కడకు వస్తుంది. ఇంగ్లండులో వధువు పూలగుత్తి పట్టుకొని వస్తుంది. ఆ గుత్తిలో పూలతోపాటు పండ్లను కూడ కూర్చే పద్ధతి ఒకటి ఉన్నది. పువ్వు నేటి సొగసుకు, పండు రేపటి సంతానానికి గుర్తు. ఈ భావానికి ఆదర్శం నారింజచెట్టు. పూతా పండూ ఏకకాలంలో ధరించగల చెట్టు అది. 1840 ఫిబ్రవరి 10న జరిగిన తన వివాహంలో విక్టోరియా రాణి శిరస్సున దాల్చినది నారింజపూల దండనే.

ఈ గుత్తిని కట్టే విధానం చిత్రమైనది. కాడలన్నీ ఉంచితే పిడికిలి పట్టదు, బరువు హెచ్చుతుంది. కనుక గులాబికి ఒక అంగుళం కాడ మాత్రం మిగిల్చి, అందులోకి సుమారు 0.7 మిల్లీమీటర్ల మందంగల ఇనుపతీగను గ్రుచ్చుతారు. దానిపై సాగే మైనపు పట్టీ చుట్టి కప్పివేస్తారు. లతకూ, లోహపు నూలుకూ మన భాషలో ఒకటే పేరు: తీగ. కొమ్మనుండి తెగిన పువ్వు ఇక ఈ రెండవ తీగకు పూస్తుంది. ఎటు వంచితే అటు చూస్తుంది. ఆకు వెనుక, నడిమి ఈనెకు అడ్డంగా, వెంట్రుకవంటి తీగతో ఒక్క కుట్టు వేస్తారు. ఎదుటివారికి అది కనబడదు.

పండ్ల పని మరింత కష్టం. చిన్న నారింజకు, అడవి ఆపిలుకు అడుగుభాగాన తీగను అడ్డంగా దూర్చి, రెండు కొసలూ క్రిందికి వంచి మెలిపెట్టాలి. పండు చిట్లి రసం కారితే తెల్లని పెండ్లిదుస్తులు పాడవుతాయి. అందుచేత గట్టివే ఏరుతారు. బరువైన వాటిని పిడికిలికి దగ్గరగా ఉంచుతారు. చివరకు కొసలు చేతికి గ్రుచ్చుకొనకుండ పట్టురిబ్బను చుడతారు.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. పక్వమయ్యే ఆపిలు ఎథిలీన్ అనే వాయువును విడుస్తుంది. గడ్డిలో మగ్గవేసిన మామిడికాయలు ఒకదానితో ఒకటి పండడం ఆ వాయువు మహిమే. అదే కార్నేషన్ వంటి పూలను త్వరగా ముడుచుకొనేట్లు చేస్తుంది. దీవెనగా చేర్చిన పండే పువ్వుకు వార్ధక్యం తెస్తుందన్నమాట! నారింజ విడిచేది స్వల్పమే. పైగా కాడ తెగిన పువ్వుకు నీరందదు. కాబట్టి పూలను ముందుగా నీటిలో నిలిపి, పండ్లను దూరంగా ఉంచి, ముహూర్తానికి వీలైనంత దగ్గరలో గుత్తి కడతారు.

1846లో ఆల్బర్టు తన రాణికి ఒక శిరోభూషణం బహూకరించాడు. బంగారు ఆకులు, పింగాణీ నారింజపూలు. వాటి నడుమ నాలుగు పచ్చని ఎనామెలు నారింజకాయలు, అప్పటికి పుట్టిన నలుగురు బిడ్డలకు గుర్తుగా. అది నేటికీ బ్రిటిషు రాజకుటుంబపు సేకరణలో చెక్కుచెదరక ఉన్నది. చేతితో కట్టిన గుత్తి మాత్రం త్వరలోనే తల వాల్చుతుంది. అంత కొద్దిసేపటికి ఇంత ఓపిక ఎందుకని తరగతిలో ఎవరైనా అడిగితే, మన ఇండ్లలో పూలజడ కుట్టే అమ్మమ్మ చేతులను చూడమనండి.