శ్రమల కాలం ఒంటరి ఉపవాసం కాదు



భస్మ బుధవారం మొదలు ఈస్టర్ ముందటి శనివారం వరకు లెక్కిస్తే 46 రోజులు వస్తాయి. అయినా మనం నలభై దినాలు అంటాము. ప్రతి ఆదివారం ప్రభువు తిరిగి లేచిన దినం గనుక, మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలను ఉపవాస దినాలలో లెక్కించరు.

325లో నైసియా సభ చేసిన నియమాలలోనే ఈ నలభై దినాల ప్రస్తావన ఉంది. నాలుగవ శతాబ్దపు సంఘాలలో, ఈస్టర్‌కు బాప్తిస్మం పొందబోయేవారు ఈ దినాలలో ఉపవాసముండి వాక్యం నేర్చుకునేవారు. పాపంలో పడి సహవాసానికి దూరమైనవారు తిరిగి చేర్చుకోబడడానికి సిద్ధపడేవారు. సంఘం వారితో కలిసి ఉపవసించి ప్రార్థించేది.

నేడు మనలో అనేకులు ఈ దినాలలో మాంసం మానుతారు, పెండ్లిండ్లు పెట్టుకోరు, శుక్రవారపు కూడికలకు క్రమంగా వస్తారు. మంచిదే. అయితే మందిరంలో ఖాళీగా ఉన్న చోటు ఎవరిది? ఆస్తి తగాదా వల్లనో, సంఘ కమిటీలో మాటపట్టింపు వల్లనో రావడం మానిన కుటుంబం ఏది? కలహపడుతూ చేసే ఉపవాసం దేవునికి అంగీకారం కాదని యెషయా 58వ అధ్యాయం హెచ్చరిస్తుంది.

ఈ వారం కూడికకు ముందు ఆ ఇంటికి వెళ్లండి. రమ్మని పిలిచే ముందు వారు చెప్పేది వినండి. తప్పు మనదైతే ఒప్పుకోండి. బాప్తిస్మానికి సిద్ధపడుతున్న యౌవనస్థుల కొరకు పేరు పేరున ప్రార్థించండి.

మంచి శుక్రవారాన మనం ధ్యానించే ఏడు మాటలలో మొదటిది క్షమాపణ. ఆ మాట వినేటప్పుడు వారు కూడా మన పక్కన ఉండాలి.