కాగ్నిటివ్ ట్రైనింగ్

పార్కిన్సన్స్ అనగానే వణికే చెయ్యే గుర్తొస్తుంది. 1817లో ఈ జబ్బును వర్ణించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ కూడా రోగి బుద్ధికి ఢోకా ఉండదనే రాశాడు. అది నిజం కాదని తర్వాత తేలింది.

మెదడు కాండంలోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోవడమే ఈ జబ్బుకు మూలం. డోపమైన్ కదలికలకే కాదు, నుదుటి వెనకున్న ఫ్రాంటల్ లోబ్‌తో ముడిపడిన వలయాలకూ కావాలి. అందుకే చాలామందికి మతిమరుపు కన్నా ముందు పనుల వరస వేసుకోవడం, ఒక పనిలోంచి మరో పనికి మారడం కష్టమవుతుంది. పొయ్యి మీద కూర ఉండగా ఫోన్ మోగితే తికమకే!

ఈ సామర్థ్యాలకు కంప్యూటర్ ఆటలతో చేయించే సాధనే కాగ్నిటివ్ ట్రైనింగ్. సాధనకు తగ్గట్టు మెదడు తన అల్లికను సవరించుకుంటుందన్నది దీని వెనకున్న ఆశ. నెదర్లాండ్స్‌లో కాగ్‌టిప్స్ అనే ప్రయోగంలో రోగులు ఇంట్లోనే 8 వారాలు ఆన్‌లైన్‌లో సాధన చేశారు. ఫలితం చూడ్డానికి వాడిన పరీక్షల్లో టవర్ ఆఫ్ లండన్ ముఖ్యం: మూడు పుల్లలకున్న రంగు పూసల్ని వీలైనంత తక్కువ ఎత్తుల్లో బొమ్మలో ఉన్నట్టు అమర్చాలి. వేగం కాస్త పెరిగింది కానీ, కచ్చితత్వం పెరగలేదు. అంతకుముందు, 2020లో, వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఆలోచనాశక్తి తగ్గిన పార్కిన్సన్స్ రోగులపై ఈ సాధనతో జరిగిన 7 ప్రయోగాలను, 225 మందిని పరిశీలించి, ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదని చెప్పింది.

కాబట్టి మెదడుకు పదును పెడతామనే యాప్‌లకు డబ్బు కట్టేముందు న్యూరాలజిస్టును అడగండి. మందులూ వ్యాయామమూ మాత్రం ఆపొద్దు.